మా అండమాన్ మాత్‌కి దాని పేరు రాయించడానికి పడ్డ పాట్లు

అండమాన్‌లో అరచెయ్యి కన్నా పెద్ద మాత్ (సీతాకోకచిలుక లాంటిదే, కానీ రాత్రిపూట తిరిగే పురుగు) ఎవరికి కనపడినా జరిగేది ఒకటే. ఫోటో తీస్తారు, ఫోన్‌లో వెతుకుతారు, "అట్లాస్ మాత్" అని వస్తుంది, ఇక వాట్సాప్ గ్రూపుల్లో ఆ పేరుతోనే తిరుగుతుంది. అది అట్లాస్ కాదు. దానికి దగ్గరి చుట్టం, కానీ వేరే జాతి. పేరు అటాకస్ మెక్‌ముల్లెని. ఈ భూమ్మీద అండమాన్ దీవుల్లో తప్ప ఇంకెక్కడా లేదు. 1914లో వాట్సన్ అనే ఆయన దీనికి ఈ పేరు పెట్టాడు. నూట పదేళ్లు దాటినా ఆ పేరు ఊళ్లోకి రాలేదు. నేను తీసిన ఫోటోల కింద ఆ పేరు పడేసరికి నాకు తల ప్రాణం తోకకొచ్చింది. టూర్‌కి వచ్చి ఇలాంటి ఫోటోలు తీసుకుని వెళ్లే తెలుగువాళ్లు బోలెడుమంది ఉన్నారు, వాళ్లకి పనికొస్తుందని రాస్తున్నాను.

నేను పురుగుల శాస్త్రం చదివినవాణ్ని కాదు. పోర్ట్‌బ్లెయిర్ జంగ్లీఘాట్‌లో ఫోటో స్టూడియో నడుపుతాను. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చి చాథం రంపపు మిల్లులో పనికి కుదిరాడు. అప్పటినుంచి ఇక్కడే. 2024లో ఊరి పేరు శ్రీ విజయపురం అని మార్చారు గానీ మా నోటికి ఇంకా పోర్ట్‌బ్లెయిరే వస్తుంది.

ఈ మాత్ పట్టుగూడు దొరికింది వింబర్లీగంజ్‌లో, మా పెద్దమ్మ వాళ్ల పెరట్లో. దాల్చినచెక్క చెట్టు కొమ్మలు కొట్టిస్తుంటే ఒక ఎండుటాకు మాత్రం ఎంత ఊపినా రాల్లేదట. "ఇదేటి బాబూ, ఆకు సచ్చినా వదల్లేదు" అని ఫోన్ చేసింది. చాథంలో ఫెర్రీ ఎక్కి, బాంబూఫ్లాట్‌లో దిగి, బస్సులో వెళ్లి చూశాను. నిజంగానే ఆకు. దాల్చిన ఆకుకి ఉండే మూడు ఈనెలూ పైన స్పష్టంగా కనిపిస్తున్నాయి. ఆ ఆకుని లోపలికి మడిచి, మధ్యలో గోధుమరంగు పట్టు అల్లుకుంది పురుగు. ఆకు ఎండి రాలిపోకుండా తొడిమ మీదుగా కొమ్మ దాకా పట్టుతో పట్టీ వేసి బిగించింది. వేలితో లాగినా తెగలేదు. మన మహదేవపూర్, చెన్నూరు వైపు పెంచే దసలి పట్టు పురుగుదీ ఇదే కుటుంబం, సాటర్నిడే. గూడు చూస్తే ఆ చుట్టరికం ఇట్టే తెలుస్తుంది.

పెరట్లోది కాబట్టి కొమ్మతో సహా కోసి తెచ్చుకోగలిగాను. అక్కడికి దగ్గర్లోనే కొండ మీద నేషనల్ పార్క్ ఉంది, మౌంట్ హ్యారియెట్. 2021 నుంచి మౌంట్ మణిపూర్ అంటున్నారు. 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం అటవీ శాఖ అనుమతి లేకుండా అక్కడినుంచి గూడు కాదు కదా, ఎండుపుల్ల కూడా తేకూడదు. ఇది చదివి ఎవరైనా ఉత్సాహంగా అడవిలోకి దూరిపోతారేమో అని ముందే చెబుతున్నాను.

గూడు ఎలా వేలాడుతూ దొరికిందో అలాగే, నిలువుగా, దోమతెర గుడ్డతో చేసిన చిన్న పంజరంలో కట్టాను. రెండు రోజులకోసారి నీళ్లు చిలకరించడం తప్ప చెయ్యగలిగింది ఏమీ లేదు. వానాకాలం కాబట్టి ఆ పని కూడా చాలాసార్లు వానే చూసుకుంది.

ఒకరోజు పొద్దున్నే గూడు లోపల గోకుతున్న చప్పుడు. పై కొసన పట్టు కాస్త వదులుగా ఉండే చోటు తడిసి, అక్కడినుంచి ముందు కాళ్లు, తర్వాత ఎర్రటి నూగు ఒళ్లు బయటికొచ్చాయి. అప్పటికి రెక్కలు చూస్తే ఇదేనా పెద్ద మాత్ అనిపిస్తుంది. బొటనవేలంత, నలిగి, తడిగా ఉన్నాయి. గబగబా కొమ్మ పైకి పాకి తలకిందులుగా వేలాడింది. ఒంట్లోని ద్రవం నరాల్లోకి ఎక్కేకొద్దీ రెక్కలు మడతలు విప్పుకుంటూ కిందికి జారాయి. రెక్క నిండా విచ్చుకున్నాక కూడా చాలాసేపు కదల్లేదు, గట్టిపడాలి కదా. ముందు రెక్కల కొసలు వంకర తిరిగి, ఒక చుక్కతో, అచ్చం పాము తలలా ఉన్నాయి. మీసాలు సన్నగా ఉన్నాయి, పొట్ట లావుగా ఉంది. అంటే ఆడది. మగదానికైతే మీసాలు వెడల్పుగా, ఈకల్లా ఉంటాయి. వీటికి నోరు పనిచెయ్యదు. గొంగళిపురుగుగా ఉన్నప్పుడు తిన్నదే తిండి. దాంతోనే మహా అయితే ఒక వారం, పది రోజులు బతుకుతాయి.

ఇక ఫోటోలు. ఇది నా వృత్తి కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువ చెబుతాను. ఫ్లాష్ కొట్టకూడదు. రెక్కల మీది పొలుసులు మెరిసిపోయి అసలు రంగు పోతుంది. పక్కనుంచి మెత్తని లైటు చాలు. రెక్కల పై వైపుకి ఒకటి, కింది వైపుకి ఒకటి, మీసాలకి దగ్గరగా ఒకటి, పక్కన స్కేలు పెట్టి ఒకటి తీయాలి. నా స్టీలు స్కేలు ఒక అడుగుది. రెక్క కొస నుంచి కొసకి అందులో మూడింట రెండు వంతులు కప్పేసింది. అందంగా రావాలని పువ్వు మీద కూర్చోబెట్టకండి, గుర్తుపట్టేవాడికి పువ్వుతో పనిలేదు.

ఒక సంగతి మాత్రం కళ్లారా చూస్తేనే నమ్మాను. నాలుగు రెక్కల మీదా మధ్యలో ఒక్కో పెద్ద మచ్చ ఉంటుంది. మామూలు ఫోటోల్లో చూస్తే ఏదో లేతరంగు పూసినట్టుంటుంది. పాస్‌పోర్ట్ ఫోటోలకి వాడే తెల్ల తెర వెనక పెట్టాను, మచ్చలు తెల్లగా వచ్చాయి. నీలం తెర పెట్టాను, నీలంగా వచ్చాయి. అక్కడ పొలుసులే లేవు. గాజు కిటికీలన్నమాట. ఒకే మాత్ రెండు ఫోటోల్లో రెండు రకాలుగా కనిపించడం, రంగుని నమ్ముకుని పేరు పెట్టేవాళ్లు తికమకపడటం ఎందుకో అప్పుడర్థమైంది.

ఫోటోలన్నీ తేదీ, స్థలంతో సహా, జీవుల్ని గుర్తుపట్టి చెప్పే ఒక సైట్‌లో పెట్టాను. కంప్యూటర్ చూపించిన మొదటి పేరు అట్లాస్. నేను దాన్ని నొక్కకుండా "మాత్" అని మాత్రం రాసి వదిలేశాను. ఆ సాయంత్రమే ఇద్దరు పెద్దమనుషులు వచ్చి "అట్లాస్" అని రాశారు. అంతే, ఖరారైన రికార్డు అని ముద్ర పడింది. ఆ ముద్ర పడినవి అక్కడితో ఆగవు. శాస్త్రవేత్తలు లెక్కలకి వాడుకునే జీబీఐఎఫ్ అనే అంతర్జాతీయ భాండారంలోకి కూడా వెళతాయి. అండమాన్‌లో అట్లాస్ మాత్ ఉందని నా ఫోటోయే సాక్ష్యం చెప్పడం మొదలుపెట్టింది.

ఇది తప్పని నాకు చెప్పినవాడు వీసా ఫోటో కోసం స్టూడియోకి వచ్చిన ఒక కుర్రాడు. ఇక్కడి కప్పల మీద పరిశోధన చేస్తున్నాడు. తెర మీద బొమ్మ చూసి "భయ్యా, యే కహాఁ కా హై?" అన్నాడు. పేరు అడగలేదు, ఊరు అడిగాడు. వింబర్లీగంజ్ అని చెప్పగానే "అయితే అట్లాస్ ఎలా అవుతుంది?" అని కూర్చుని మ్యాప్ గీశాడు. ఈ అటాకస్ ప్రజాతి (దగ్గరి చుట్టాలైన జాతులన్నీ కలిసిన గుంపు) వ్యవహారం మొత్తం దీవుల మీద నడుస్తుంది. అట్లాస్ ఈశాన్య భారతం నుంచి ఇండోనేషియా దాకా పరుచుకుని ఉంది. మన పశ్చిమ కనుమల్లో, శ్రీలంకలో ఉండేది టాప్రొబానిస్. ఫిలిప్పీన్స్‌కి సీజర్, తిమోర్‌కి డోహర్టియై, ఆస్ట్రేలియా ఉత్తరపు అంచుకి వార్డై, సులవేసి పక్కన చిన్న సెలయార్ దీవికి సెలయారెన్సిస్. ఆ వరసలో మా వాటాకి వచ్చింది మెక్‌ముల్లెని. 1989లో రిచర్డ్ పీగ్లర్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ఈ ప్రజాతినంతా తిరగేసి పుస్తకం వేశాడు. 1990ల్లో వీణాకుమారి, ప్రశాంత్ మోహన్‌రాజ్ అనే శాస్త్రవేత్తలు ఇక్కడే పోర్ట్‌బ్లెయిర్‌లో ఉండి మెక్‌ముల్లెని జీవితచక్రాన్ని రాశారు. అంటే పని జరగక కాదు, ఆ కాగితాలు ఎవరూ తెరవక.

అధికారికంగా ఒక మాట రాయించుకుందామని ఒక ఆఫీసుకి వెళ్లాను. ఈ బల్ల నుంచి ఆ బల్లకి తిప్పాక, చివరాయన "ఫోటో చూసి చెప్పలేం, చంపి సూది గుచ్చి తెండి" అన్నాడు. ఒళ్లు మండింది. తర్వాత చల్లబడ్డాక ఆలోచిస్తే ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. దగ్గరి జాతుల్ని తేల్చాలంటే పొట్ట చివరి భాగాలు విప్పి చూడాలి, ఫోటోని విప్పలేం కదా. కానీ వారం బతికే ప్రాణిని చంపడమెందుకు, అదే పోతుంది, అప్పుడు తెస్తానన్నాను. ఆయన భుజాలెగరేశాడు.

ఈలోపు ఆడదాన్ని పంజరంతో సహా వింబర్లీగంజ్ తీసుకెళ్లాను. ఫెర్రీలో ఆ దోమతెర చుట్టూ మూగనివాడు లేడు. ఒకావిడ గబ్బిలమేమో అని దూరం జరిగింది. పెరట్లో దాల్చిన చెట్టుకే వేలాడదీశాం. మొదటి రాత్రి జోరువాన, ఏమీ రాలేదు. తర్వాతి రాత్రి, ఊరంతా నిద్రపోయాక, తెర మీద టపటపమని చప్పుడు. టార్చి వేస్తే మగది. ఆడది వదిలిన వాసన పట్టుకుని చీకట్లో ఎంత దూరం నుంచి వచ్చిందో! తెర విప్పి లోపలికి వదిలాం. మరునాడు సాయంత్రం దాకా విడిపోలేదు. మగదాని మీసాలు, రెక్కల అడుగుభాగం కూడా తీసుకోవడానికి నాకు పగలంతా దొరికింది.

గుడ్లు తెర గుడ్డ మీదే పెట్టింది. అవి పగిలాక పిల్లల్ని ఒకే ఒక్క చెట్టు మీద వదలడానికి పెద్దమ్మని బతిమాలాల్సి వచ్చింది. "నా సెట్టంతా నాకేత్తాయేటి?" అంది. కొన్నాళ్లకి గొంగళిపురుగులు ఒళ్లంతా తెల్ల మైనపు పొడితో తయారయ్యాక మాత్రం వచ్చినవాళ్లందరికీ తనే చూపించడం మొదలుపెట్టింది.

ఆడది చనిపోయాక రెక్కలు మూసి, కాగితాన్ని మూడు మూలలుగా మడిచి అందులో పెట్టాను. ఇక్కడి తేమకి రెండు రోజుల్లో బూజు పట్టేస్తుంది. లెన్సులు దాచే డబ్బాలోని సిలికా జెల్ పొట్లాలన్నీ దానికే పెట్టేశాను. కాగితం మీద పెన్సిల్‌తో ఊరు, తేదీ, ఏ చెట్టు మీద దొరికింది, ఎవరు పట్టుకున్నారు అన్నీ రాశాను. ఇంకు తడికి పాకిపోతుంది, పెన్సిలే మేలు. ఈ చీటీ లేకపోతే ఎంత గొప్ప నమూనా అయినా ఎండిన పురుగే. ఆఫీసులో ఆ బల్ల మీదాయన ముందు చీటీ చదివాడు, తర్వాతే మాత్‌ని చూశాడు. రసీదు ఇచ్చాడు కూడా.

సైట్‌లో పోరు వేరే. అక్కడి లెక్క ఏమిటంటే, ఒక పేరు ఖరారవ్వాలంటే మూడింట రెండు వంతుల కన్నా ఎక్కువ మంది ఒప్పుకోవాలి. ఇద్దరు అట్లాస్ అన్నారు, నేను మెక్‌ముల్లెని అని పెట్టాను. సరిగ్గా మూడింట రెండు, దాటలేదు కాబట్టి ముద్ర ఊడిపోయి "అటాకస్" దగ్గర ఆగింది. అదే నా మొదటి గెలుపు. కప్పల కుర్రాడు వచ్చి నాకు తోడు పలికాడు, రెండుకి రెండు. ఫోటోల కింద వాదన పెట్టుకోకుండా మూడే ముక్కలు రాశాను: దొరికిన చోటు, వాట్సన్ 1914, పీగ్లర్ 1989. సాటర్నిడే కుటుంబం మీదే పనిచేసే ఒకాయన అది చూసి మెక్‌ముల్లెని అన్నాడు. అయినా ఐదింట మూడే. చివరికి ఆ మొదటి ఇద్దరిలో ఒకరు, "స్థలం చూసుకోలేదు, క్షమించండి" అని తన మాట వెనక్కి తీసుకున్నారు. నాలుగింట మూడు. పేరు మారింది. రెండో పెద్దమనిషి ఇప్పటికీ పలకలేదు.

ఆ సైట్‌లోని మ్యాప్ తెరిచి చూస్తే నా గుండె గుభేలుమంది. అండమాన్ మీద అట్లాస్ పేరుతో ఇంకా చాలా చుక్కలున్నాయి. మెక్‌ముల్లెని అరుదైనది అంటారు. ఆ అరుదులో సగం, ఉన్నవాటిని వేరే పేరు మింగేయడం వల్ల వచ్చిందేనని నా అనుమానం. చుక్కా చుక్కా నొక్కి అవే మూడు ముక్కలు రాస్తున్నాను. కొందరు మార్చారు. కొందరు టూరిస్టులు ఒక్క ఫోటో పెట్టి మళ్లీ ఆ సైట్ మొహం చూడలేదు, వాళ్లవి అలాగే ఉండిపోయాయి.

మీరు ఎప్పుడైనా హావ్‌లాక్‌లోనో, చిడియా టాపూలోనో రిసార్ట్ లైటు కింద ఇలాంటి పెద్ద మాత్‌ని ఫోటో తీసి ఉంటే ఒకసారి గ్యాలరీ వెతకండి. ఫోన్ ఫోటోలో తేదీ, లొకేషన్ ఆన్‌లో ఉంటే స్థలం కూడా, దానంతటదే దాగి ఉంటుంది. వాట్సాప్‌లో వచ్చిన కాపీలో అవి ఉండవు, అసలుదే కావాలి. అది అప్‌లోడ్ చేసి, కంప్యూటర్ అట్లాస్ అంటే నొక్కకుండా వదిలేయండి.