నాలుగు వేల సార్లు ఒకే గడప

చిన్నది పడుకుంది. ఆయన ఇంకా బెంగళూరు ట్రాఫిక్‌లో, బెళ్ళందూరు దగ్గరే చిక్కుకుని ఉన్నారు. నాకు నిద్ర రావడం లేదు.

ఆఫీసులో ఆ 800 మెగాబైట్ల ఎక్స్‌ఎంఎల్ (సమాచారాన్ని గుర్తుల మధ్య రాసే పద్ధతి) ఫైలు గొడవే. డామ్ పద్ధతిలో మొత్తం మెమొరీలోకి ఎక్కిస్తే ఫైలుకు కొన్ని రెట్ల చోటు తింటుందని 4,000 ముక్కలు చేశాను కదా. అయినా మా జావా ప్రోగ్రాము రాత్రంతా నడుస్తూనే ఉంది. "మెమొరీ పెంచండి" అంటారు టీమ్ లీడరు. నాలుగు రోజులుగా అదే మాట. ప్రాసెసరు ఖాళీగా ఉందని గ్రాఫు తీసి చూపించాను. చూడకుండానే మళ్లీ పెంచమన్నారు. పని లేక కూర్చున్న యంత్రానికి మెమొరీ ఎందుకు? ఎదుట పెట్టిన కాగితం చూడకుండా సలహా ఇచ్చేవారిని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఇప్పటికీ మండుతూనే ఉంది.

మధ్యాహ్నం జెస్టాక్ అనే పనిముట్టుతో మూడు సార్లు థ్రెడ్ డంపు తీశాను, ప్రోగ్రాము ఆ క్షణాన ఎక్కడ ఉందో చూపేది. మూడు సార్లూ ఫైలు చదివే పార్సరు సాకెట్ దగ్గరే, అంటే నెట్‌వర్కు జవాబు కోసం, ఆగి ఉంది. ప్రతి ముక్క మొదట్లోనూ డాక్‌టైప్ వరుస ఉంది. సరిచూడవద్దని చెప్పినా, అందులో పేర్కొన్న డీటీడీ (ఫైలులో ఏవి ఎలా ఉండాలో చెప్పే నియమాల ఫైలు) కోసం పార్సరు నెట్‌వర్కు మీదికి వెళ్తోంది. ఒకే ఫైలు కోసం 4,000 సార్లు! ఇలాంటి అభ్యర్థనలు రోజుకు 13 కోట్ల దాకా వస్తున్నాయని వెబ్ ప్రమాణాలు రూపొందించే సంస్థ డబ్ల్యూ3సీ 2008లోనే మొత్తుకుంది.

నాన్న గుర్తొచ్చారు. ఉత్తరంలో తెలియని మాట తగిలితే నిఘంటువు చూసి రమ్మని నన్ను మాస్టారింటికి తరిమేవారు. వీధి చివరి ఇల్లు. ఎండలో పరుగు. మాస్టారు భోజనానికి కూర్చుంటే అరుగు మీద ఎదురుచూపు. నేను తిరిగి వచ్చేదాకా నాన్న వేలు ఆ మాట మీదే ఉండేది, తర్వాతి వరుసకు కదిలేది కాదు. అదే మాట మళ్లీ వస్తే మళ్లీ పరుగే. చివరికి అమ్మ విసిగి ఆ అర్థాలన్నీ నా నోటు పుస్తకంలో రాయించింది.

ముందు కోపంలో డీటీడీ తేవడమే ఆపేశాను. 11 నిమిషాల్లో పని ముగిసింది. సంతోషించాను. గంట తర్వాత చూస్తే కొన్ని రికార్డుల్లో కరెన్సీ గడి ఖాళీ. రాయని చోట ఏ విలువ వేసుకోవాలో చెప్పేది ఆ డీటీడీయే. పార్సరుది మొండితనం అనుకున్నాను. కాదు, అర్థం తెలియకుండా ముందుకు వెళ్లకూడదన్న నాన్న పట్టుదలే అది.

డీటీడీ నకలును మా డిస్కులో పెట్టి, పార్సరు బయటి ఫైలు అడిగితే తెచ్చిచ్చే ఎంటిటీ రిజాల్వరు దాన్నే అందించేలా రాశాను. 12 నిమిషాలు. గడులన్నీ నిండాయి.

అయితే అసలు డీటీడీ మారిన రోజున మా నకలు దానంతట అది మారదు. పొద్దున్నే లీడరుకు ఈ సంగతి చెప్పాలి. ఈసారి ఆయన చదివేదాకా ఎదురుగా నిలబడతాను.