గుత్తిలో మొదలైన సంఘం, పరిశోధక విద్యార్థి చందా

గణితంలో కొత్తగా పీహెచ్‌డీలో చేరిన ఒక అమ్మాయి, ఒకప్పుడు నా దగ్గర డిగ్రీ చదువుకున్నది, ఈ మధ్య ఇంటికి వచ్చినప్పుడు, "సార్, గణిత సంఘాల్లో సభ్యత్వం తీసుకుంటే ఏమైనా ఉపయోగం ఉంటుందా, లేక డబ్బు దండగేనా?" అని అడిగింది. తప్పకుండా చేరమనీ, అయితే ముందు ఒక్క సంఘంలోనే చేరమనీ, అది కూడా విచారించి చేరమనీ చెప్పాను. ఆ మాట వెనుక ఉన్న కారణాలను ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

మా అనంతపురం జిల్లావాళ్లలో కూడా చాలామందికి తెలియని విషయం ఒకటుంది. ఈనాటి భారతీయ గణిత సంఘానికి బీజం పడింది గుత్తిలో. అక్కడ డిప్యూటీ కలెక్టరుగా పనిచేస్తున్న వి. రామస్వామి అయ్యర్‌కు గణితం మీద అపారమైన మక్కువ ఉన్నా, కొత్త పుస్తకాలుగానీ విదేశీ పత్రికలుగానీ ఆ ఊరిలో ఆయనకు దొరికే దారి లేదు. అలాంటి ఇబ్బందే పడుతున్న మిత్రులకు ఆయన ఉత్తరాలు రాసి, అందరూ తలా కొంత చందా వేసుకుని పత్రికలు తెప్పించుకుందామనీ, ఒకరు చదివాక మరొకరికి తపాలాలో పంపుకుందామనీ ప్రతిపాదించారు. ఆ ఆలోచనే 1907లో 'అనలిటిక్ క్లబ్' అనే పేరుతో రూపుదిద్దుకుంది. తరువాత అదే ఇండియన్ మ్యాథమెటికల్ సొసైటీ అయింది. కొనలేని పుస్తకాన్ని నలుగురు కలిసి కొనుక్కోవడానికి పుట్టిన సంఘం అది, అందుకే నాకు దాని మీద ప్రత్యేకమైన గౌరవం.

ఆ సంఘం 1909లో మొదలుపెట్టిన పత్రికే రామానుజన్‌ను గణిత లోకానికి పరిచయం చేసింది. డిగ్రీ చేతికి రాక, ఉద్యోగం లేక తిరుగుతున్న ఆ యువకుడు 1910లో తిరుక్కోయిలూరులో రామస్వామి అయ్యర్‌ను కలిసి తన నోటుపుస్తకాలు చూపించి చిన్న ఉద్యోగం ఇప్పించమని అడిగాడు. ఆ పుస్తకాలు చూసిన అయ్యర్, ఇంతటివాణ్ణి రెవెన్యూ శాఖలో గుమాస్తాగా కూర్చోబెట్టడం అన్యాయమని భావించి, మద్రాసులోని గణిత మిత్రులకు ఉత్తరాలు రాసి పంపించారు. 1911లో రామానుజన్ మొదటి పరిశోధన పత్రం ఆ పత్రికలోనే వెలువడింది. పాఠకులకు ప్రశ్నలు వేసే శీర్షికలో, ఒకదానిలో ఒకటి ఒదిగి అంతులేకుండా సాగే వర్గమూలాల విలువ కనుక్కోమని ఆయన అడిగితే నెలల తరబడి ఎవరూ జవాబు పంపలేకపోయారు. చివరికి దాని విలువ 3 అని ఆయనే చెప్పారు. విశ్వవిద్యాలయం పట్టా ఇవ్వని మనిషి రాసినదాన్ని, అది గణితం కాబట్టి చదివి అచ్చువేసినవాళ్లు ఆ సంఘం సభ్యులు.

ఇప్పుడు పత్రికలు ఫోనులోనే దొరుకుతున్నాయి కదా, ఇక సంఘం దేనికి అని అడగవచ్చు. నా అనుభవం చెబుతాను. పీహెచ్‌డీ మూడో ఏట ఒక వార్షిక సదస్సులో లాటిస్‌ల మీద, అంటే మూలకాలను కింద పైన అనే క్రమంలో అమర్చే ఒక రకం గణిత నిర్మాణాల మీద, పది నిమిషాలు మాట్లాడాను. వాటిలో సున్నాకు వెంటనే పైన ఉండే మూలకాన్ని ఏటమ్ అంటారు. వెనుక వరుసలో కూర్చున్న ఒక వృద్ధ ఆచార్యుడు టీ విరామంలో నా దగ్గరకు వచ్చి, "బాబూ, సున్నా కాని ప్రతి మూలకం కింద ఒక ఏటమ్ ఉంటుందని నీ సహాయక సిద్ధాంతంలో (లెమ్మాలో) అనుకున్నావు. అనంతమైన లాటిస్‌లో అది నిలుస్తుందా?" అని అడిగారు. నేను తడబడుతుంటే, జేబులోంచి పెన్ను తీసి నా ఆహ్వానపత్రం వెనుక సున్నా నుంచి ఒకటి దాకా ఒక గీత గీశారు. ఈ వాస్తవ సంఖ్యల్లో సున్నాకు వెంటనే పైన ఉండే సంఖ్య ఏదో చూపించమన్నారు. అలాంటి సంఖ్య లేదు. ఏడాదిగా నేనూ మా గైడుగారూ కూడా గమనించని లోపం ఆ ఒక్క గీతతో బయటపడింది. థీసిస్‌లో ఆ అధ్యాయాన్ని పరిమిత లాటిస్‌లకే కుదించుకుని తిరగరాశాను. ఆ కాగితం ఇప్పటికీ నా బల్ల సొరుగులోనే ఉంది.

అయితే అదే రోజుల్లో నేను మోసపోయిన సంగతి కూడా చెప్పాలి. 'అంతర్జాతీయ' అనే మాట తగిలించుకున్న ఒక సంస్థ నుంచి వచ్చిన ఈమెయిలు నమ్మి, రెండు నెలల మెస్సు బిల్లుకు సరిపడే సొమ్ము కట్టి జీవితకాల సభ్యత్వం తీసుకున్నాను. లామినేషన్ చేసిన ఒక కార్డూ, ఒక సర్టిఫికెటూ వచ్చాయి. ఆ తరువాత వచ్చినవన్నీ ఇంకా డబ్బు కట్టమనే ఉత్తరాలే. అందుకే ఇప్పుడు ఎవరడిగినా మూడు విషయాలు చూడమంటాను: ఆ సంఘం ఏటా సభ్యులను ఒకచోట కలుపుతుందా, దాని పత్రికలో మీ గైడు చదివి గౌరవించే పత్రాలు వస్తున్నాయా, కార్యవర్గంలోనివారి పని మీ శాఖలో ఎవరికైనా తెలుసా. రెజ్యూమెలో ఒక వరుస పెరుగుతుందనే ఆశతో మాత్రం చేరవద్దు.

డబ్బు సంగతి తేలికగా తీసుకోదగినది కాదు. నెట్ అనే జాతీయ అర్హత పరీక్ష ద్వారా జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) వచ్చినవారికి నెలకు 37,000 రూపాయలు అందుతాయి. కేంద్రీయ విశ్వవిద్యాలయంలో నెట్ లేకుండా పీహెచ్‌డీ చేసేవారికి వచ్చేది 8,000. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ఏ ఫెలోషిప్పూ లేకుండా ట్యూషన్లు చెప్పుకుంటూ చదివేవాళ్లు ఎందరో ఉన్నారు. అలాంటివారు జీవితకాల సభ్యత్వం జోలికి పోకుండా, ముందు వార్షిక చందా కట్టి ఒక సదస్సు చూసి రావడం మంచిది. సంఘాల పెద్దలు కూడా ఫెలోషిప్ లేని విద్యార్థికి చందా మాఫీ చేసే పద్ధతి పెట్టాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. అమెరికాలో గణితం చదువుతున్న మన పిల్లలు తమ శాఖ కార్యాలయంలో ఒక్కమాట అడిగి చూడాలి; ఆ విశ్వవిద్యాలయం అమెరికన్ మ్యాథమెటికల్ సొసైటీలో సంస్థాగత సభ్యురాలైతే, శాఖ పేరు సూచించిన విద్యార్థులకు సభ్యత్వం ఉచితంగానే దొరుకుతుంది. ఎం.ఎస్‌సీ. తరువాత డీఎస్సీకో గ్రూప్స్‌కో సిద్ధమయ్యేవారికి మాత్రం ఈ ఖర్చు అక్కరలేదు.

ఆ అమ్మాయి ఇంకొక సందేహం అడిగింది: "నా పని ఇంకా సగమే అయింది సార్, అప్పుడే వెళ్లి ఏం చెప్పను?" సగంలో ఉన్నప్పుడే వెళ్లమన్నాను. సొరుగులోని ఆ ఆహ్వానపత్రం తీసి, వెనుకనున్న గీత చూపించాను. డిసెంబరు సదస్సుకు పంపాల్సిన సారాంశాన్ని ఆ సాయంత్రం మా వసారాలోనే కూర్చుని రాసుకుని వెళ్లింది.