ఎస్టీమ్‌లో కామ్ మార్చాక: ఐడ్లింగ్‌తో మూడు ఆదివారాలు

బండి 2004 మారుతి ఎస్టీమ్ కారు. 1298 సీసీ, 16 వాల్వులు, వాల్వుల్ని తెరిచి మూసే కామ్‌షాఫ్ట్ ఒకటే. దాని స్థానంలో వాల్వుల్ని ఎక్కువసేపు తెరిచి ఉంచే 264 డిగ్రీల కామ్ ఎక్కించి మూడు వారాలైంది. 4000 ఆర్‌పీఎమ్ (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) దాటాక బండి ఉరుకుతోంది, ఆ సంతోషం ఉంది. గొడవంతా సిగ్నళ్ల దగ్గరే. న్యూట్రల్‌లో నిలబడితే ఆర్‌పీఎమ్ ముల్లు 700కి పడి, 1600కి లేచి, మళ్లీ పడుతోంది. పంజాగుట్టలో పక్కనున్న బైకు కుర్రాడు నేను రేసుకి పిలుస్తున్నాననుకున్నాడు.

"పెద్ద కామ్ వేస్తే అంతే అన్నా, అలవాటైపోతది" అన్నారు అందరూ. నాకు ఎక్కలేదు. పెద్ద కామ్‌తో గాలి లోపలికొచ్చే ఇంటేక్, పొగ బయటికెళ్లే ఎగ్జాస్ట్ వాల్వులు కలిసి తెరుచుకుని ఉండే సమయం (ఓవర్‌ల్యాప్) పెరుగుతుంది, కాలిన గ్యాస్ కొంత సిలిండర్లకు గాలి పంచే మానిఫోల్డ్‌లోకి వెనక్కొస్తుంది. దానికి ఇంజన్ ఉండుండి కొట్టుకోవాలి గానీ ఇలా ఊయల ఊగకూడదు.

మొదటి ఆదివారం మానిఫోల్డ్‌లో పీల్పు ఎంతుందో కొలిచే వాక్యూమ్ గేజ్ పెట్టాను. పాత కామ్‌తో 17 అంగుళాలు (పాదరసం లెక్కలో), ఇప్పుడు 10. ఇంటర్నెట్‌లో 18 నుంచి 21 రావాలని చదివి కంగారు పడకండి, అవి సముద్రమట్టం లెక్కలు. హైదరాబాద్ 500 మీటర్లకు పైన ఉంది, ఇక్కడ దాదాపు రెండు అంగుళాలు తగ్గించుకోవాలి. అలా చూసినా 10 మరీ తక్కువ. బ్రేకుకి సాయం చేసేదీ ఈ వాక్యూమే, అందుకే బ్రేక్ రెండోసారి తొక్కితే పెడల్ గట్టిగా తగిలింది కూడా.

పెట్రోల్ ఎక్కడా కారడం లేదని చూసుకుని, అగరుబత్తి వెలిగించి పైపుల పక్కన తిప్పాను. ఇంజన్ పైనున్న ట్యాపెట్ కవర్ నుంచి మానిఫోల్డ్‌కి వెళ్లే పైపు మొదట్లో పొగ చటుక్కున లోపలికి వంగింది. కవర్ విప్పేటప్పుడు నేనే లాగిన పైపు అది. ఎండకు గట్టిపడిన రబ్బరు, క్లిప్పు కింద సన్నగా చీలింది. ఆ గాలికి ఆర్‌పీఎమ్ పెరుగుతుంది, థ్రాటిల్ (గాలి తలుపు) మూసి ఉంది కదా అని ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) పెట్రోల్ కట్ చేస్తుంది, పడిపోగానే మళ్లీ ఇస్తుంది. ఊయల అదన్నమాట. రాణిగంజ్‌లో కొత్త పైపు కొనేసరికి ఊగడం పోయింది, గేజ్ 12కి వచ్చింది. నా తప్పుకు కామ్‌ని తిట్టారు అందరూ.

రెండో ఆదివారం ట్యాపెట్ సెట్టింగ్, అంటే వాల్వుల దగ్గర వదిలే సన్నని ఖాళీని సరిచేయడం. కామ్‌తో వచ్చిన కార్డు ప్రకారం చల్లని ఇంజన్‌లో ఇంటేక్ 0.20, ఎగ్జాస్ట్ 0.25 మి.మీ. మూడో సిలిండర్ ఎగ్జాస్ట్‌లో 0.15 ఫీలర్ (ఖాళీ కొలిచే రేకు) కూడా దూరలేదు. లాక్‌నట్ బిగించేటప్పుడు స్క్రూ దానితో పాటు వెంట్రుకవాసి తిరుగుతుంది, మోసం అక్కడే. నట్ బిగించాక ఫీలర్ మళ్లీ పెట్టి చూడాల్సిందే. నేను పదహారింటికీ రెండేసి సార్లు చూశాను, నడుం పోయింది. గేజ్ 13.5.

ఐడ్లింగ్‌లో గాలిని సర్దే ఐడిల్ వాల్వు క్లీనింగ్‌తో చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

మూడో ఆదివారం ఐడిల్‌ని 800 దగ్గర్నుంచి 1000కి పెంచాను, థ్రాటిల్ బాడీ మీది గాలి స్క్రూతో. థ్రాటిల్ స్టాప్ స్క్రూ జోలికి మాత్రం పోవద్దు, అది కదిలితే థ్రాటిల్ మూసి ఉందన్న సంగతే ఈసీయూకి తెలియదు. ఇప్పుడు ముల్లు 950, 1050 మధ్య వణుకుతోంది. ఇది మాత్రం కామ్ సొంత వణుకే, దీనితో నాకు పేచీ లేదు.

మిగిలింది పెట్రోల్ వాసన. వాక్యూమ్ తగ్గితే, మానిఫోల్డ్ ఒత్తిడి చూసే మ్యాప్ సెన్సర్ లోడ్ పడిందనుకుంటుంది. పైగా ఓవర్‌ల్యాప్‌లో కాలకుండా జారిపోయిన గాలిని చూసి ఆక్సిజన్ సెన్సర్ పెట్రోల్ చాలట్లేదంటుంది. ఈసీయూ ఇద్దరి మాటా నమ్మి ఇంకా పోస్తుంది. పొల్యూషన్ చెక్ చేసే వ్యాన్ దగ్గర పైపు పెట్టించాను, మనలాంటి వాళ్లకు అంత చవకలో దొరికే గ్యాస్ అనలైజర్ ఇంకోటి లేదు. కార్బన్ మోనాక్సైడ్ 2.1 శాతం. ఉండాల్సింది 0.5 లోపు. వ్యాన్ అబ్బాయి స్క్రీన్‌నీ నన్నూ మార్చి మార్చి చూసి, "సార్, ఏం పోశారు ఇందులో?" అన్నాడు.

పాత సర్టిఫికెట్ ఇంకా రెండు నెలలుంది. ఆలోపు ఈసీయూ సిగ్నళ్లను సవరించే పిగ్గీబ్యాక్ పెట్టి ఐడిల్ దగ్గర పెట్రోల్ తగ్గించాలి. అప్పటిదాకా ఏసీ వేస్తే 750కి పడుతోంది కాబట్టి, సిగ్నల్ దగ్గర ఏసీ బంద్, అద్దాలు కిందకి.