నాన్న వేలు ఆగిన చోట

నాకు చదవడం వచ్చింది బళ్ళో కాదు, నాన్న పక్కలో. అప్పటికి నాకు ఐదో ఏడు నడుస్తోంది. రాత్రి గోడకి ఆనుకుని కూర్చుని, పుస్తకం నా ఒళ్ళో పెట్టి, చూపుడువేలు వరస కింద నడిపిస్తూ చదివేవారు. ఒత్తు వచ్చినచోట ఆ వేలు కాస్త కిందికి దిగి మళ్ళీ పైకొచ్చేది. నేను బొమ్మల కన్నా ఆ వేలినే ఎక్కువ చూసేదాన్ని.

ఒకరోజు వేలు ఆగిపోయింది. ఉడత తొర్రలోకి తొంగిచూసింది, లోపల... అంతే. నాన్న నిద్రపోయారు. లేపబుద్ధి కాలేదు. లోపల ఏముందో తెలియకపోతే నాకు నిద్ర పట్టదు. వేలిని మెల్లగా పక్కకి జరిపి, తరవాతి మాట కూడబలుక్కున్నాను. పా... ము. పాము! నాకెవరూ చెప్పలేదు. అయినా పాము వచ్చేసింది. ఒళ్ళు ఝల్లుమంది. ఆ పేజీ అంతా అలాగే ఈదాను. 'క్ష' ఒక్కటి కొరుకుడు పడలేదు. దాన్ని తెల్లారాక అడిగి తెలుసుకున్నాను.

ఇక అచ్చులో కనిపించిందల్లా చదివేదాన్ని. పెద్దవాళ్ళ నవలలు సగం అర్థమయ్యేవి కావు. ఎవరో 'నిర్లిప్తంగా నడిచాడు' అని ఉంటే, అదొక రకం నడక అనుకుని చాలా ఏళ్ళు నమ్మాను. ఆ మాట ఎక్కడ కనిపించినా నాకు ఇప్పటికీ ఒక మనిషి మెల్లగా నడిచి వెళ్తూ కనిపిస్తాడు.

కాలేజీ రోజుల్లో చదివిన పుస్తకాల పేర్లు ఒక నోటుబుక్కులో రాసి లెక్కపెట్టేదాన్ని. అది తప్పని ఇప్పుడు గట్టిగా అనిపిస్తుంది. లెక్క కోసం పరిగెత్తి చదివినవాటిలో ఒక్క వాక్యమూ మిగల్లేదు.

కళ్ళు కూడా వరస వెంట నున్నగా జారవట. దూకుతాయి, ఆగుతాయి. ఆగినప్పుడే చదువుతాయి, అదీ సుమారు పావు సెకను. పెద్దవాళ్ళ దూకుళ్ళలో 10-15 శాతం వెనక్కే ఉంటాయి. పిల్లలైతే ఇంకా ఎక్కువసేపు ఆగుతారు, ఇంకా ఎక్కువసార్లు వెనక్కి వెళ్తారు. ఈ దూకుళ్ళ గురించి 19వ శతాబ్దం చివర్లో చెప్పినవాడు ఫ్రాన్సు కంటివైద్యుడు లూయీ ఎమీల్ జవాల్. ఆయనకే తరవాత నీటికాసులొచ్చి చూపు పోయింది. అది చదివిన రోజు పుస్తకం మూసి చాలాసేపు ఊరికే కూర్చున్నాను. చదివే కన్ను గురించి అంతగా ఆలోచించిన మనిషికి!

నాకు వచ్చింది చత్వారమే. నలభై దాటాక కంటిలోని కటకం బిరుసెక్కి, దగ్గరిది ఆనదు, అంతే. అయినా మొదటిసారి అక్షరాలు అలుక్కుపోయినప్పుడు భయమేసింది. ఏడాదిపాటు పుస్తకాన్ని చేయిచాచి పట్టుకుని నెట్టుకొచ్చాను. ఫోన్లో అక్షరం పెద్దది చేసుకోవచ్చు, నిజమే. కానీ నాకు నచ్చిన వాక్యం ఎడమ పేజీలోనో కుడి పేజీలోనో, పైనో కిందో ఒకచోట గుర్తుంటుంది. తెర మీద దానికి చోటు లేదు.

పోయినవారం కళ్ళజోడు వచ్చింది. నాన్న పుస్తకాల్లోంచి ఒకటి తీశాను, చిన్న అచ్చు, పసుపెక్కిన కాగితం. జోడు ఇంకా అలవాటు కాక వరస తప్పుతోంది. రెండో పేజీలో గమనించాను, నా చూపుడువేలు వరస కింద నడుస్తోంది. ఒత్తు దగ్గర కాస్త కిందికి దిగి, మళ్ళీ పైకొస్తోంది.