అనూ ఫాంట్లు, మూడుల్, మా స్టాఫ్ రూమ్

కాలేజీలో ఆన్‌లైన్ పాఠాల సైటు నడిపే పని 2020 జూన్‌లో నా నెత్తిన పడింది. నేను కంప్యూటర్ సైన్స్ లెక్చరర్‌ని. ప్రింటర్‌లో కాగితం ఇరుక్కున్నా, ప్రొజెక్టర్ వెలగకపోయినా నన్నే పిలుస్తారు. ఇదీ అలాంటి పనేననుకున్నారు.

మాది పశ్చిమ గోదావరిలో ఓ మామూలు డిగ్రీ కాలేజీ. అంతకు రెండేళ్ల ముందే, కాలేజీలకి గ్రేడ్లిచ్చే న్యాక్ టీమ్ వస్తోందని ఓ మూడుల్ సైటు పెట్టించారు. మూడుల్ అంటే పాఠాలూ, పరీక్షలూ ఆన్‌లైన్‌లో పెట్టుకునే ఉచిత సాఫ్ట్‌వేర్. అందులో పదకొండు కోర్సులు, కోర్సుకో సిలబస్ పీడీఎఫ్. స్క్రీన్‌షాట్లు తీసి ఫైల్లో పెట్టాక దాన్ని మళ్లీ ఎవరూ తెరవలేదు. లాక్‌డౌన్‌తో క్లాసులు ఆగిపోయాక ప్రిన్సిపాల్ గారికి అది గుర్తొచ్చింది. అడ్మిన్ పాస్‌వర్డ్ కోసం రెండు రోజులు వెతికాం. న్యాక్ ఫైల్లోనే, ఆఖరి కాగితం వెనక పెన్సిల్‌తో రాసి ఉంది.

మొదటి శిక్షణ జూమ్‌లో పెట్టాను. ఉచిత ఖాతా కాబట్టి నలభై నిమిషాలే. అందులో పావుగంట "సార్, వినిపిస్తోందా?"కే పోయింది. మిగతా టైములో ఫోరం, అసైన్‌మెంట్, గ్రేడ్‌బుక్ అంటూ కనిపించిన ప్రతి మెనూ తెరిచి చూపించాను. వారం తర్వాత చూస్తే ఒక్కరే లాగిన్ అయ్యారు, అదీ ప్రొఫైల్ ఫొటో మార్చుకోవడానికి. "మూడ్ లేదు సార్ ఇవాళ" అనే జోకు మా స్టాఫ్ రూమ్‌లో అప్పుడే పుట్టింది.

తప్పు వాళ్లది కాదని తెలియడానికి నాకు కొంతకాలం పట్టింది. స్టాఫ్ వంతులవారీగా కాలేజీకి రావడం మొదలయ్యాక, ఓ మధ్యాహ్నం హిస్టరీ మాస్టారి పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. రిటైర్మెంటుకి రెండేళ్లుంది ఆయనకి. మౌసు పట్టుకోవడం రాక కాదు, ఆయన భయం వేరే ఉంది. "క్లాసులో ఏదైనా పొరపాటు చెప్తే గంట కొట్టగానే పోతుందయ్యా. ఇదేమో ఉండిపోతుంది. ఎవడు ఎప్పుడు చూసి నవ్వుతాడో" అన్నారు.

నేను చేసిన జూమ్ క్లాసులో దీనికి జవాబు ఎక్కడుంది?

ఆయన నోట్సు పెన్‌డ్రైవ్‌లో తెచ్చారు. ఎప్పుడో డీటీపీ సెంటర్లో చేయించినవి, అన్నీ అనూ ఫాంట్లలో. సైటులో పేస్ట్ చేస్తే శాతవాహనులు పోయి ఇంగ్లిష్ అక్షరాలు, డాలర్ గుర్తులు, కామాలు వరసకట్టాయి. ఆయన నా వైపు చూసిన చూపు నాకింకా గుర్తే. ముప్ఫై ఏళ్ల పాఠం నేనేదో పాడుచేసేశాననుకున్నారు. అనూలో తెలుగు అక్షరం నిజంగా తెలుగు అక్షరం కాదు, ఇంగ్లిష్ అక్షరం ఉండాల్సిన చోట తెలుగు బొమ్మ కూర్చుని ఉంటుంది. ఫాంటు లేని చోట బొమ్మ పోయి అసలు రంగు బయటపడుతుంది. మన లెక్చరర్లలో చాలామంది పాఠాలు ఇలా బొమ్మల్లోనే ఉండిపోయాయి. ఎక్కడ తెరిచినా తెలుగు తెలుగులాగే కనిపించే యూనికోడ్‌లోకి మార్చకుండా ఆన్‌లైన్ బోధన గురించి ఎంత మాట్లాడుకున్నా లాభం లేదు.

కన్వర్టర్‌తో మార్చాం. చాలావరకు బాగానే వచ్చింది గానీ ఒత్తులు అక్కడక్కడా పక్క అక్షరానికి వెళ్లిపోయాయి. రోజుకు పది పేజీల చొప్పున ఇద్దరం కూర్చుని దిద్దాం. నేను చదవడం, ఆయన టైపు చేయడం. మూడో వారానికి ఆయన నన్ను చదవనివ్వలేదు, "నువ్వు తప్పు చదువుతున్నావు, లే" అని తనే దిద్దుకున్నారు. ఫైలు ఎక్కించబోతే ఇంకో గొడవ. సైటు రెండు ఎంబీ దాటితే తీసుకోనంది. మూడుల్‌ని నడిపే పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాషకి సర్వర్‌లో మొదట్నుంచీ ఉండే హద్దు అది. హోస్టింగ్ వాళ్లతో పెంచడానికి నాలుగు ఫోన్లు పట్టింది.

తెలుగు మేడమ్ కథ ఇంకోటి. ఆవిడ ఎంతో ఉత్సాహంగా క్విజ్ పెట్టారు. "ఆంధ్ర మహాభారతాన్ని మొదలుపెట్టిన కవి ఎవరు?" జవాబు టైపు చేయాలి. ఆవిడ ఇచ్చిన సరైన జవాబు "నన్నయ". పిల్లలు నన్నయ్య అన్నారు, నన్నయభట్టు అన్నారు, ఆదికవి నన్నయ అన్నారు, ఒకడు ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టాడు. అందరికీ సున్నా. ఆ సాయంత్రమే మేడమ్ ఫోన్: "ఏమండీ, మీ మిషన్‌కి నన్నయ్య తెలీదా?" జవాబుకి అటూ ఇటూ నక్షత్రం గుర్తు పెట్టి *నన్నయ* అంటే ముందూ వెనకా ఏమున్నా మూడుల్ ఒప్పుకుంటుందని చూపించాను. ఇంగ్లిష్‌లో కొట్టిన వాడికి మాత్రం మార్కు ఇవ్వనన్నారు ఆవిడ, నేనూ బతిమాలలేదు.

ఆదివారాలు మా కాలేజీలోనే దూరవిద్య స్టడీ సెంటర్ నడుస్తుంది. అక్కడి విద్యార్థులు మన పిల్లల్లాంటివాళ్లు కారు. హోంగార్డులు, అంగన్‌వాడీ టీచర్లు, మిషన్ కుట్టేవాళ్లు, ఒక ఆర్టీసీ కండక్టరు. వాళ్లకి నలభై నిమిషాల వీడియో పంపి లాభం లేదు, డేటా సగం రోజుకే అయిపోతుంది. పైగా అప్పట్లో కొందరింట్లో ఫోను ఒక్కటే, పగలు అది పిల్లల ఆన్‌లైన్ క్లాసుకి పోయేది. అందుకే ఆడియో అనుకున్నాం. ఎనిమిది నిమిషాల ఆడియో నాలుగైదు ఎంబీ దాటదు, డ్యూటీలో కూడా వినొచ్చు.

రికార్డు చేయమని హిస్టరీ మాస్టారినే అడిగాను. మళ్లీ అదే భయం. అప్పుడు ఆయనకి మూడుల్ చేసినాయన గురించి చెప్పాను. మార్టిన్ డోజియామస్, ఆస్ట్రేలియా ఎడారిలో పెరిగాడు. చుట్టుపక్కల బడి లేదు. చిన్నప్పటి పాఠాలన్నీ షార్ట్‌వేవ్ రేడియోలో, పుస్తకాలేమో విమానంలో వచ్చేవి. ఆయనే పెద్దయ్యాక 2002లో దీన్ని ఊరికే వాడుకోమని ఇచ్చేశాడు.

మాస్టారి మొహం మారిపోయింది. 1982లో హైదరాబాద్‌లో దేశంలోనే మొదటి ఓపెన్ యూనివర్సిటీ పెట్టారు కదా, దాని రేడియో పాఠాలు వాళ్ల అక్కయ్య వంటింట్లో రేడియో పెట్టుకుని వినేవారట. పెళ్లయి పిల్లలు పుట్టాక అలాగే డిగ్రీ పూర్తి చేశారట. "ముందే చెప్పొచ్చుగా, రేడియో అని" అన్నారు.

స్టాఫ్ రూమ్ ఫ్యాన్ ఆపి, అటెండర్‌ని బయట నిలబెట్టి, ఫోన్‌ని చాక్‌పీస్ డబ్బా మీద పెట్టి రికార్డు చేశాం. మూడుసార్లు ఆగారు. నాలుగోసారి శాసనాల గురించి చెబుతూ ఒక చోట తడబడి, "కాదు కాదు, ముందు ఇది చెప్పాలి" అని సర్దుకున్నారు. ఆ ముక్క కత్తిరించనా అని అడిగితే కాసేపు ఆలోచించి ఉంచేయమన్నారు.

అందరూ ఇలా మారిపోయారనుకోకండి. ఇద్దరు ఇప్పటికీ వాట్సాప్‌లో నోట్సు ఫొటోలే పెడతారు. ఒకాయన అటెండెన్స్ కోసం తప్ప సైటు ముఖం చూడరు. కామర్స్ వాళ్లు మాత్రం నన్ను దాటిపోయారు, వాళ్ల సంగతి ఇంకోసారి.

ఆ ఆడియో పెట్టిన నాలుగో రోజు రాత్రి పదకొండు దాటాక మాస్టారి ఫోను. ఏమైందోనని టెన్షన్ పడ్డాను. "బాబూ, కండక్టరు గారు ఫోరంలో ప్రశ్న అడిగారు. డిపోలో బస్సు పెట్టి విన్నారట. జవాబు ఎక్కడ రాయాలి?" చెప్పాను. పొద్దున లేచి చూస్తే ఆ ప్రశ్న కింద నాలుగు పేజీల జవాబు, అంతా యూనికోడ్‌లోనే, ఒత్తులన్నీ ఉన్న చోటే ఉన్నాయి.