కుటుంబంలో గుండె జబ్బు: లేదు

అమెరికాలో ఏ డాక్టర్ దగ్గరికి మొదటిసారి వెళ్ళినా చేతిలో ఒక ఫారం పెడతారు. పేరు, పుట్టిన తేదీ, వాడే మందులు అయ్యాక 'ఫ్యామిలీ హిస్టరీ' అని ఒక భాగం వస్తుంది. అమ్మానాన్నలకు, తోబుట్టువులకు షుగర్ ఉందా, గుండె జబ్బు ఉందా, ఉంటే ఏ వయసులో వచ్చింది అని ప్రశ్నలు. నేను 2004లో, ఇరవై ఎనిమిదేళ్ళ వయసులో ఈ దేశం వచ్చాను. పద్దెనిమిదేళ్ళ పాటు గుండె జబ్బు దగ్గర 'లేదు' అనే రాశాను. అది నిజం కాదని నాకు తెలియదు.

2022 ఫిబ్రవరిలో ఒక రోజు తెల్లవారుజామున నాలుగు గంటలకు మెలకువ వచ్చింది. నొప్పి అని చెప్పలేను. రొమ్ము మీద ఎవరో అరచెయ్యి ఆనించి నొక్కుతున్నంత బరువు. ఎడమ దవడ లాగుతోంది. గ్యాస్ అనుకుని ఒక మాత్ర వేసుకుని ఇంట్లో అటూ ఇటూ తిరిగాను. అరగంటకు బనియన్ మొత్తం చెమటతో తడిసిపోయింది. బయట మంచు పడుతోంది. మా ఆవిడ లేచి నా మొహం చూసి, "ఏమండీ, 911కి ఫోన్ చేస్తున్నాను" అంది. "వద్దు, తొమ్మిదికి మీటింగ్ ఉంది, కాసేపు చూద్దాం" అన్నాను. ఆమె నా మాట వినలేదు. వినకపోబట్టే ఇవాళ ఇది రాయగలుగుతున్నాను.

అంబులెన్స్‌లో వచ్చినవాళ్ళు నాలుగు చిన్న ఆస్పిరిన్ మాత్రలు ఇచ్చి నమలమన్నారు. ఇంట్లోనే ఈసీజీ తీసి ఆస్పత్రికి పంపించారు. మేం చేరేసరికి క్యాథ్ ల్యాబ్, అంటే గుండె రక్తనాళాలు తెరిచే గది, సిద్ధంగా ఉంది. గుండె ముందు భాగానికి రక్తం తీసుకెళ్ళే పెద్ద నాళం, ఎల్ఏడీ అంటారు, పూర్తిగా మూసుకుపోయింది. మణికట్టు దగ్గర నుంచి సన్నటి తీగ పంపి, బెలూన్‌తో తెరిచి, స్టెంట్ వేశారు. రోగి ఆస్పత్రిలో అడుగు పెట్టినప్పటి నుంచి నాళం తెరుచుకునే దాకా 90 నిమిషాలు మించకూడదని వాళ్ళకొక నియమం ఉంది. నాకు 58 నిమిషాలు పట్టిందని తర్వాత చెప్పారు. నాళం తెరుచుకోవడం నాకు తెలిసింది. రొమ్ము మీది చెయ్యి ఎవరో తీసేశారు.

మర్నాడు కార్డియాలజిస్ట్ వచ్చారు. ఆమె ఇక్కడే పుట్టి పెరిగారు, తల్లిదండ్రులు మాత్రం మనలాగే భారతదేశం నుంచి వచ్చినవాళ్ళు. ఇంట్లో ఇంకెవరికైనా గుండె జబ్బు ఉందా అని అడిగారు. లేదన్నాను. ఆమె ఆ జవాబుతో సరిపెట్టుకోలేదు. "మీ నాన్నగారు ఏమేం మందులు వాడతారు?" అన్నారు. బీపీ మాత్రలన్నాను. "పేర్లు తెలుసా?" తెలియవు. "కనుక్కోండి, ఇవాళే" అని మా ఆవిడతో చెప్పి వెళ్ళారు.

మా ఆవిడ ఇండియాలో ఉన్న మా అక్కకు ఫోన్ చేసింది. అక్క ముందు ఏడ్చింది. తర్వాత చెప్పింది. "నాన్నకి రెండు స్టెంట్లు వేశారమ్మా. తమ్ముడు అమెరికా వెళ్ళిన ఆరో నెలలోనే. 'వాడికి చెప్పొద్దు, కొత్త ఉద్యోగం, టెన్షన్ పడతాడు, పరిగెత్తుకొస్తాడు' అన్నాడు నాన్న. ఆ తర్వాత ఎప్పుడు చెబుదామన్నా ఇప్పుడెందుకులే అనిపించేది."

నాన్నకు అప్పుడు 52 ఏళ్ళు. నేను సెలవులకు వెళ్ళిన ప్రతిసారీ ఆయన మందుల డబ్బా బల్ల మీదే ఉండేది. ఒకసారి అడిగాను కూడా. "బీపీకి రా" అన్నాడు. అమెరికా గైడ్‌లైన్స్‌లో తండ్రికి గానీ అన్నదమ్ములకు గానీ 55 ఏళ్ళ లోపు గుండె జబ్బు వస్తే దాన్ని ప్రత్యేకమైన ప్రమాద సూచనగా లెక్కిస్తారు. తల్లికి, అక్కచెల్లెళ్ళకు ఆ హద్దు 65. అంటే నేను పద్దెనిమిదేళ్ళు తప్పుగా నింపిన ఆ ఒక్క ప్రశ్నే నా విషయంలో అన్నిటికంటే ముఖ్యమైంది.

అక్క మీద, నాన్న మీద నాకు చాలా కోపం వచ్చింది. అయినా మంచం మీద నుంచి నేను చేసిన మొదటి పని ఏమిటంటే, నా సంగతి అమ్మానాన్నలకు చెప్పొద్దని అక్క దగ్గర మాట తీసుకోవడం. అయిదు వారాల పాటు ఆదివారం వీడియో కాల్‌లో కెమెరా నా మొహానికి దగ్గరగా పెట్టుకుని మాట్లాడాను. నీరసంగా ఉన్నావేం అని అమ్మ అడిగితే ఆఫీసులో పని ఎక్కువగా ఉందన్నాను. మన ఇళ్ళల్లో దీన్ని ప్రేమ అనే అనుకుంటాం. నాన్న నా మీద ప్రేమతోనే దాచాడు, అందులో నాకు అనుమానం లేదు. కానీ ఆ మాట సముద్రం దాటి నాకు చేరి ఉంటే నలభై ఏళ్ళకే నాకు కొలెస్ట్రాల్ మందు మొదలుపెట్టేవాళ్ళేమో.

గుండెపోటుకు ఎనిమిది నెలల ముందు నేను వార్షిక పరీక్షలకు వెళ్ళాను. చెడు కొలెస్ట్రాల్, అంటే ఎల్‌డీఎల్, 138, మంచి కొలెస్ట్రాల్ 36. సిగరెట్ అలవాటు లేదు, బీపీ పెద్దగా లేదు. మా డాక్టర్ కంప్యూటర్‌లో అంకెలు కొట్టి, రాబోయే పదేళ్ళలో గుండెపోటు గానీ పక్షవాతం గానీ వచ్చే అవకాశం 4 శాతం లోపే అని చెప్పారు. నేను సంతోషంగా ఇంటికొచ్చాను. ఆ లెక్క 2013లో వచ్చిన సూత్రాల ప్రకారం వేసింది. వాటిని తయారు చేసింది తెల్లవాళ్ళ, నల్లవాళ్ళ వివరాల మీద. మిగతావాళ్ళందరికీ తెల్లవాళ్ళ సూత్రమే వాడేవారు. 2018లో అమెరికా హృద్రోగ సంఘాలు కొలెస్ట్రాల్ గైడ్‌లైన్స్‌ను సవరించినప్పుడు, దక్షిణాసియా మూలాలు ఉండటాన్నే ప్రమాదాన్ని పెంచే అంశాల్లో చేర్చాయి. ఆ సంగతి నా పరీక్ష రోజు ఎవరూ ఎత్తలేదు. నేనూ అడగలేదు, అడగాలని తెలియదు.

బరువు కూడా అంతే. ఎత్తుతో పోల్చి బరువును లెక్కించే బీఎంఐ నాకు 24.8. 25 దాటితేనే అధిక బరువు కాబట్టి రిపోర్టులో 'నార్మల్' అని ఉండేది. ఆసియా మూలాలవాళ్ళకు 23 నుంచే షుగర్ పరీక్ష చేయాలని 2015 నుంచి అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ చెబుతోంది. మనలో సన్నగా కనబడేవాళ్ళకు కూడా కొవ్వు పొట్ట చుట్టూ, లోపలి అవయవాల చుట్టూ చేరుతుంది. ఆస్పత్రిలో చూస్తే, మూడు నెలల సగటు షుగర్‌ను చూపే ఏ1సీ నాకు 6.2. షుగర్ గుమ్మం దాకా వచ్చి కూర్చుంది.

ఆరు వారాలు సెలవు పెట్టాను. ఆ రోజుల్లో రాత్రుళ్ళు భయంగా ఉండేది. సరిగ్గా నాలుగింటికి మెలకువ వచ్చేది. ఎడమ వైపు చిన్న కండరం పట్టేసినా నాడి చూసుకునేవాడిని. ఇండియా వెళ్ళిపోదామని మా ఆవిడతో పదేపదే అన్నాను. ఆమె వాదించలేదు, "ముందు మందులు సెట్ అవ్వనీయండి" అనేది. ఈ మాట కార్డియాలజిస్ట్‌తో అంటే ఆమె ఆశ్చర్యపోలేదు. జబ్బు పడ్డాక స్వదేశం వెళ్ళిపోవాలని చాలామందికి అనిపిస్తుందట, కొందరు వెళతారు కూడా. వాళ్ళు అక్కడ పోతే ఇక్కడి మరణాల లెక్కలోకి రారు. వలస వచ్చినవాళ్ళు ఎక్కువ కాలం బతుకుతారని గణాంకాల్లో కనబడటానికి అది కూడా ఒక చిన్న కారణమని చెప్పారు.

పెద్ద కారణం వేరే ఉంది. దేశం దాటి వచ్చేవాళ్ళు మామూలుగానే ఆరోగ్యవంతులు. జబ్బుతో ఉన్నవాడు సూట్‌కేసు సర్దుకుని బయల్దేరడు. చదువు, ఉద్యోగం, వీసా అనే మెట్లన్నీ ఎక్కగలిగినవాళ్ళే విమానం ఎక్కుతారు. అందుకే చాలా సంపన్న దేశాల్లో కొత్తగా వచ్చినవాళ్ళ ఆరోగ్యం స్థానికుల కంటే మెరుగ్గా ఉంటుంది. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ తేడా తరిగిపోతుంది. నా ధీమా కూడా ఇలాంటిదే. 2017లో గ్రీన్ కార్డు కోసం, ఇమ్మిగ్రేషన్ వాళ్ళు గుర్తించిన డాక్టర్ (సివిల్ సర్జన్ అంటారు) దగ్గర మెడికల్ చేయించుకుని పాసయ్యాను. ఆ కవరు చేతికొచ్చిన రోజు నా శరీరానికి గ్యారంటీ కార్డు దొరికినంత నిశ్చింతగా ఉన్నాను. వాళ్ళు చూసింది టీబీ, కొన్ని అంటువ్యాధులు, టీకాలు. గుండె సంగతి ఆ పరీక్ష పట్టించుకోదు.

1965లో మొదలైన ఒక అధ్యయనం గురించి ఆ సెలవులో చదివాను. జపాన్‌లో ఉన్న జపనీయులను, హవాయికి వలస వెళ్ళినవాళ్ళను, కాలిఫోర్నియాలో స్థిరపడినవాళ్ళను పోల్చి చూశారు. గుండె జబ్బు జపాన్‌లో అందరికంటే తక్కువ, హవాయిలో మధ్యస్థం, కాలిఫోర్నియాలో ఎక్కువ. 1976లో మార్మట్, సైమ్ అనే ఇద్దరు పరిశోధకులు అదే వివరాల్లో ఇంకొకటి గమనించారు. కాలిఫోర్నియాలో ఉంటూనే తమవాళ్ళతో గట్టి సంబంధాలు నిలుపుకున్న జపనీయుల్లో గుండె జబ్బు జపాన్‌లో ఉన్నంత తక్కువగానే ఉంది. తిండి, సిగరెట్ తేడాలు తీసేసి చూసినా అంతే. అది చదివాక కిటికీ దగ్గర చాలాసేపు కూర్చుండిపోయాను. ఉద్యోగం పోతే కొత్తది వెతుక్కోవడానికి వీసాలో 2017 దాకా గడువే లేదు, ఆ తర్వాత కూడా 60 రోజులే. ఆ భయంతో వారాంతాలు కూడా పనిలోనే గడిపాను. పేరు పెట్టి పిలిచి కబుర్లు చెప్పే మనుషులు నాకు ఒక్కొక్కరే దూరమయ్యారు. అది నా రక్తనాళానికి ఏం చేసిందో ఏ స్కానూ చూపించలేదు. చేసిందనే నేను నమ్ముతాను.

నన్ను మళ్ళీ నడిపించింది కార్డియాక్ రీహ్యాబ్, అంటే గుండె జబ్బు వచ్చినవాళ్ళతో పర్యవేక్షణలో చేయించే వ్యాయామం. వారానికి మూడు రోజుల చొప్పున 36 సెషన్లు. ఛాతీకి వైర్లు అంటించి ట్రెడ్‌మిల్ ఎక్కిస్తారు, నర్సు తెర మీద గుండె చప్పుడు చూస్తూ ఉంటుంది. మొదటి రోజు ఆరు నిమిషాలకే కాళ్ళు వణికాయి. అలసట కంటే భయం వల్ల. అక్కడున్న అందరిలోకీ నేనే చిన్నవాడిని, మిగతావాళ్ళు డెబ్భై దగ్గర్లో ఉన్నారు. అయిదో వారంలో నర్సు, "రాత్రుళ్ళు నిద్ర పడుతోందా?" అని మామూలుగా అడిగింది. బాగానే ఉంది అని చెప్పబోయి ఏడ్చేశాను. ఆమె మిషన్ ఆపి, కుర్చీ వేసి, నా పక్కన కూర్చుంది. ఆ సాయంత్రమే నాన్నకు ఫోన్ చేసి అంతా చెప్పాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. "నా వల్లే రా" అన్నాడు చివరికి. ఆ మాట వెనక్కి తీసుకునేలా చెయ్యడానికి నాకు ఏడాది పట్టింది.

పన్నెండు వారాలు పూర్తయ్యేసరికి నలభై నిమిషాలు వేగంగా నడవగలిగాను. ఎల్‌డీఎల్ 70 కిందికి దిగింది. ఎకో అనే గుండె స్కాన్‌లో గుండె పంపు చేసే శక్తి దాదాపు మామూలు స్థాయికి వచ్చింది.

అప్పటికి నా ఆలోచన పిల్లల మీదికి మళ్ళింది. నా రక్తంలో గుండె జబ్బు ప్రమాదాన్ని పెంచే లైపోప్రోటీన్ ఏ అనే పదార్థం 190 ఉందని తేలింది. 125 దాటితే ఎక్కువ అంటారు. అది పుట్టుకతో వచ్చేది. తల్లిదండ్రుల్లో ఒకరికి ఎక్కువగా ఉంటే బిడ్డకు వచ్చే అవకాశం దాదాపు సగానికి సగం. పిల్లలందరికీ 9 నుంచి 11 ఏళ్ళ మధ్య ఒకసారి, 17 నుంచి 21 మధ్య ఇంకోసారి కొలెస్ట్రాల్ చూడాలని అమెరికాలో 2011 నుంచే సిఫార్సు ఉంది. మా అబ్బాయికి మొదటిసారి చేయనే లేదు, సన్నగా ఉన్నాడు కదా అని వదిలేశారు. ఇద్దరికీ చేయించాం. పదకొండేళ్ళ అమ్మాయికి అంతా బాగుంది. పదిహేనేళ్ళ అబ్బాయికి లైపోప్రోటీన్ ఏ నాలాగే ఎక్కువ.

ఆ రిపోర్టు చూసినప్పుడు ఒకటి తట్టింది. వలస అనే వడపోత నాకు జరిగింది, నా పిల్లలకు జరగలేదు. వాళ్ళు నా వంశం నుంచి రావాల్సింది తెచ్చుకున్నారు, పెరిగింది మాత్రం ఇక్కడి కార్లలో, కుర్చీల్లో, స్క్రీన్ల ముందు. ఇది మా ఇంటి సంగతే కాదు. యూరప్‌లో కొన్ని దేశాల మరణాల లెక్కల్లో వలస వచ్చిన తరానికి ఉన్న మేలు వాళ్ళ పిల్లల్లో కనబడలేదు. ఫ్రాన్స్‌లో ఉత్తర ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్ళ కొడుకుల్లో మరణాల రేటు అక్కడి స్థానికులకంటే ఎక్కువగా తేలింది. కారణాలు వేరు కావచ్చు, గుండె జబ్బే కానక్కర్లేదు. కానీ మనం ఆరోగ్యంగా వచ్చాం కాబట్టి మన పిల్లలకు ఢోకా లేదన్న నమ్మకం మాత్రం నాలో పోయింది.

2025లో మా అబ్బాయి కాలేజీకి బయల్దేరాడు. వేసవిలో హెల్త్ ఫారం ప్రింట్ తీసుకుని తనే నింపడం మొదలుపెట్టాడు. ఫ్యామిలీ హిస్టరీ దగ్గర ఆగి, "తాతయ్యకి ఎగ్జాక్ట్‌గా ఎప్పుడు వచ్చింది డాడీ?" అని అడిగాడు. "ఆయన్నే అడుగు" అన్నాను. వీడియో కాల్ కలిపాడు. నాన్న లేచి లోపలికి వెళ్ళి, బీరువాలో నుంచి 2004 నాటి డిశ్చార్జ్ కాగితం తెచ్చి కెమెరాకు ఎదురుగా పట్టుకున్నాడు. మడతల దగ్గర చిరిగిపోతే టేపు అంటించి ఉంది. "కొంచెం పైకి తాతయ్యా" అంటూ వాడు తేదీ, వయసు రాసుకున్నాడు. తాతకు 52, నాన్నకు 46.

"ఇంకొకటి కూడా రాయి నాన్నా" అన్నాడు మా నాన్న. "మా నాన్నది. నాకు పదేళ్ళప్పుడు పోయాడు, ఆయనకి నలభై ఏడు. ఎండదెబ్బ అన్నారు అందరూ. ఇన్నేళ్ళూ నేనూ అదే చెప్పాను. కానీ ఆయన పోయింది తెల్లవారుజామున."

ముత్తాతకు ఫారంలో గడి లేదు. వాడు పక్కన మార్జిన్‌లో గీత గీసి, 47 అని రాశాడు.