చుక్కలూ గీతలూ

ఈ వారం రాత్రిళ్లు కూర్చుని ఒక చిన్న కంప్యూటర్ మోడల్ రాశాను. స్క్రీన్ మీద 200 చుక్కలు, ఒక్కో చుక్క ఒక మనిషి. మధ్యలో గీతలు స్నేహాలు. రూల్ ఒకటే: మనసు బాగోలేని చుక్క ఒక్కో గీతా తెంపుకుంటూ పోతుంది, గీతలు తగ్గేకొద్దీ ఇంకా కుంగుతుంది. రన్ చేస్తే కొన్ని చుక్కలు అంచుకి జారిపోయి ఒంటరిగా మిగిలాయి. రెండేళ్ల క్రితం నేనూ అంతే. ఫోన్ మోగుతున్నా ఎత్తేవాణ్ణి కాదు.

తర్వాత రూల్ మార్చాను: జవాబు రాకపోయినా అవతలివాళ్లు గీత వదలకూడదు. ఈసారి చాలా చుక్కలు మళ్లీ లోపలికి వచ్చాయి. నేను రాసుకున్న రూలే కాబట్టి దీన్ని రుజువు అనను లెండి. కానీ 2015లో బ్రిటన్ పరిశోధకులు అమెరికా హైస్కూల్ పిల్లల స్నేహాల డేటాని ఒక గణిత మోడల్‌తో పరిశీలించారు. డిప్రెషన్ స్నేహితుల మధ్య పాకినట్టు కనిపించలేదు, ఆరోగ్యంగా ఉన్న మూడ్ మాత్రం పాకింది. అది చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను. నా బాధ ఎవరికి అంటుకుంటుందోనని కదా అందరికీ దూరం జరిగింది!

అప్పట్లో ఒకడు మాత్రం ప్రతి ఆదివారం 'ఉన్నావా?' అని మెసేజ్ పెట్టేవాడు. ఎన్నో నెలకి జవాబిచ్చానో గుర్తులేదు. కోడ్‌లో ఆ తెగని గీతకి వాడి పేరే పెట్టాను. వాడికింకా చెప్పలేదు.